పాట విన్నది ఆవా? పాలు పితికే మనిషా?

మీ వాట్సాప్‌లోకి ఆ వీడియో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. షెడ్డులో వరసగా జెర్సీ ఆవులు, రేకుల కింద స్పీకరు, అందులోంచి మెల్లగా అన్నమయ్య కీర్తన. పాట పెట్టినప్పటి నుంచి పాలు పెరిగాయని యజమాని నమ్మకంగా చెబుతుంటారు. చిత్తూరు వైపు ఇది నవ్వి వదిలేసే మాట కాదు. వాన మొహం చాటేసిన ఏడాది చాలా ఇళ్లను నడిపేది పాల బిల్లే. పూటకు లీటరు పెరుగుతుందంటే అప్పు చేసైనా స్పీకర్లు పెడతారు.

ఆయన అబద్ధం చెబుతున్నారని నేననను. పాలు నిజంగానే పెరిగి ఉండొచ్చు. పెంచింది పాటేనా అన్నదే నా డౌటు.

ఇలాంటి కథల్లో బాగా పేరున్నది మన పక్కనే పుట్టింది. చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగాధిపతి టి.సి.ఎన్. సింగ్ 1950ల్లో మొక్కలకు వీణ, వయొలిన్ వినిపించారు. తర్వాత 1960 నుంచి 1963 దాకా మద్రాసు రాష్ట్రంలో, పాండిచ్చేరిలో ఏడు ఊళ్ల వరి పొలాలకు లౌడ్‌స్పీకర్లో చారుకేశి రాగం పెట్టారు. దిగుబడి 25 నుంచి 60 శాతం పెరిగిందట. వేరుశనగకైతే దాదాపు 50 శాతం! 1973లో అమెరికాలో వచ్చిన 'ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్' అనే పుస్తకం ఈ లెక్కల్ని ప్రపంచమంతా తిప్పింది.

ఆ పుస్తకంలోనే ఒక చిన్న మాట ఉంది. పెరిగింది దేనితో పోలిస్తే? ఆ ప్రాంతపు సగటుతో. పాట వినని పక్క మడితో కాదు. యూనివర్సిటీ నుంచి పెద్దసారు వచ్చి మీ చేలో మైకు పెట్టారనుకోండి. ఆ ఏడాది మీరు కలుపు వదిలేస్తారా? నీళ్లు ఒక తడి తప్పిస్తారా? ఆ సగటులో మాత్రం బోరు ఎండినవాళ్లు, ఎరువు దొరకనివాళ్లు అందరూ ఉంటారు. రాగం లేకపోయినా తేడా వచ్చేదే. చారుకేశికి 50 శాతం పెరిగేదే అయితే, అరవై ఏళ్ల తర్వాత కూడా కుప్పం, పుంగనూరు రైతులు వేరుశనగకు జిప్సం మూటలు మోస్తూ ఉండరు కదా.

దీన్ని ఎక్స్‌పెరిమెంటర్ బయాస్ అంటారు. ఫలితం ఎలా రావాలని మనసులో ఉందో, మనకు తెలియకుండానే చేతులు అటు పనిచేస్తాయి. మోసం చేయాలన్న ఉద్దేశం అక్కర్లేదు. (సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసినవాడి టెస్టింగ్‌నే నమ్ముకోకపోవడం ఇందుకే. పనిచేస్తాయని తెలిసిన బటన్లే నొక్కుతాడు.)

దీనికి మంచి రుజువు అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్, కెర్మిట్ ఫోడ్ 1963లో ప్రచురించిన ఎలుకల ప్రయోగం. పన్నెండు మంది విద్యార్థులకు తలా అయిదు ఎలుకలు ఇచ్చారు. సగం మందికి ఇవి తెలివైన జాతి అనీ, మిగతావారికి మొద్దు జాతి అనీ చెప్పారు. నిజానికి అన్నీ ఒకే రకం. అయినా 'తెలివైన' ఎలుకలే దారి బాగా నేర్చుకున్నాయి. తెలివైనవి అనుకున్నవాటిని విద్యార్థులు మెత్తగా, ప్రేమగా పట్టుకున్నారని తర్వాత తేలింది.

ఇప్పుడు షెడ్డులోకి రండి. ఆవు చేపాలంటే మనసు కుదురుగా ఉండాలి. పొదుగును మెల్లగా తడిమితే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు దిగుతాయి. బెదిరితే ఎగజేపుతుంది, అంటే పాలు దాచుకుంటుంది. మన అవ్వలకు హార్మోను పేరు తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. పాట పెట్టిన రోజు పాలు పితికే మనిషే నిదానిస్తారు, అదిలించరు, గుప్పెడు తవుడు ఎక్కువ వేస్తారు. ఆవు స్పందించింది పాటకో, ఆ చేతికో ఎవరు చెప్పాలి?

2001లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు కాస్త పద్ధతిగానే చూశారు. హుషారు పాటలతో పోలిస్తే నెమ్మది పాటలకు ఆవుకు రోజుకు 0.73 లీటర్లు ఎక్కువట. అంటే 3 శాతం. మన పది లీటర్ల ఆవుకైతే అది ఒక గ్లాసు. వీడియోల్లో వినిపించే లీటర్లెక్కడ, ఈ గ్లాసెక్కడ!

సరే, మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మనకో అదృష్టం ఉంది: పాల కేంద్రం. అక్కడ తూకం వేసే మిషన్‌కు మీరు పాట పెట్టారో లేదో తెలియదు. కాబట్టి ఇంట్లో చెంబు లెక్క వద్దు, కేంద్రం స్లిప్పే లెక్క. మూడు చీటీలు రాయండి: స్పీకరు, ఇయర్‌ఫోన్లు, ఏమీ లేదు. రోజూ పొద్దున ఒక చీటీ తీసి ఆ రోజంతా అదే పాటించండి. మేత, తవుడు కొలిచే వేయాలి. 'ఇయర్‌ఫోన్లు' వచ్చిన రోజు పాట పాలు పితికే మనిషి చెవిలోనే, ఆవుకు ఏమీ వినపడదు. రెండు నెలల స్లిప్పులు ఎక్సెల్‌లో ఎక్కించి చూడండి. ఇయర్‌ఫోన్ల రోజుల్లో కూడా స్పీకరు రోజులంత పాలు వస్తే, షెడ్డుకు స్పీకర్లు కొనక్కర్లేదు. ఆ ఇయర్‌ఫోన్లు అమ్మకిచ్చేయండి.