అరమనసుతో వెతికితే దొరకడు

మార్గశిరం వచ్చేసరికి భద్రాచలం అడవుల అంచున చలి చిక్కబడుతుంది. వరి కోతల హడావుడి ఒకవైపు, పత్తి ఏరే పని మరోవైపు. భద్రగిరి మీద ధనుర్మాస పూజలు మొదలవుతాయి. ముక్కోటి ఏకాదశికీ, గోదావరిలో తెప్పోత్సవానికీ ఏర్పాట్లు సాగుతుంటాయి. సరిగ్గా అదే రోజుల్లో ఖమ్మం నుంచి దుమ్ముగూడెం దాకా పల్లెల్లో క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అది ఆగమన కాలం. ఇంగ్లీషులో అడ్వెంట్ అంటారు. లాటిన్ మూలంలో ఆ మాటకు 'రాక' అని అర్థం.

నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో ఇది మొదలవుతుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఇందులో ఉంటాయి. కథోలికులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం వారు దీన్ని పాటిస్తారు. కొన్ని సంఘాల్లో ఈ ఆచారం లేదు. ఈ రోజుల్లో గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. అది పశ్చాత్తాపానికి గుర్తు. అంటే ఇది సంబరాల కాలం కాదు, సంబరానికి మనసును సిద్ధం చేసుకునే కాలం. ఇల్లు దులిపి సున్నం వేసినట్టే మనసునూ దులుపుకోవాలన్నది పెద్దల ఉద్దేశం.

కానీ జరుగుతున్నది వేరు. కొత్త బట్టలు, కేకులు, మైకు సెట్లు, ఇంటింటికీ కేరల్స్... డిసెంబరు నెల వీటితోనే గడిచిపోతుంది. ఇవేవీ తప్పు కాదు. అయితే వీటన్నిటి మధ్య, ఎవరి రాక కోసం ఇంత హడావుడి జరుగుతోందో ఆయన్ని వెతకడానికి మాత్రం పూట తీరిక దొరకదు.

బైబిల్లో యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం ఒకటుంది. సుమారు 2,600 ఏళ్ళ క్రితం యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్ళిన వారికి రాసింది. పూర్ణ మనసుతో వెతికితే దేవుడు దొరుకుతాడన్న మాట అందులోదే. ఆ మాట గుడిలో కూర్చున్న వారికి చెప్పింది కాదు. ఇల్లూ వాకిలీ, గుడీ పోగొట్టుకున్న వారికి చెప్పింది. అదే ఉత్తరంలో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని కూడా ఉంది. దేవుణ్ణి వెతకడమంటే పని మానుకుని కూర్చోవడం కాదన్నమాట.

అరమనసుకూ నిండు మనసుకూ తేడా తెలియాలంటే క్రిస్మస్ కథే చాలు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి ఎంతో దూరం నడిచి యెరూషలేము చేరారు. పుట్టిన రాజు ఎక్కడని అడిగారు. అక్కడి పండితులకు జవాబు నోటికొచ్చు. మీకా ప్రవక్త గ్రంథం ప్రకారం బేత్లెహేములో అని తడుముకోకుండా చెప్పారు. యెరూషలేము నుంచి బేత్లెహేము సుమారు 9 కిలోమీటర్లు. రెండు గంటల నడక. అయినా ఆ పండితుల్లో ఒక్కరు కదిలినట్టు సువార్తలో లేదు. హేరోదూ వెతికించాడు, మొక్కడానికి కాదు, చంపడానికి. దారి తెలిసిన వారు ఇంట్లో ఉండిపోయారు. దారి తెలియని వారు అడిగి అడిగి చేరుకున్నారు. వాక్యం కంఠస్థం కావడం వేరు, కాలు కదలడం వేరు.

ఇలా వెతికిన వారు ఈ నేలకు కొత్త కాదు. గిరిజన స్త్రీ పోకల దమ్మక్క కలలో కనిపించిన రాముణ్ణి అడవంతా వెతికి, పుట్టలో విగ్రహాలను కనుగొని పందిరి వేసిందని భద్రాచలం ఐతిహ్యం. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న ఆ వెతుకులాటకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మూల్యం చెల్లించాడంటారు. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి మీద పడవల మార్గం కోసం దుమ్ముగూడెం దగ్గర పనులు చేయించిన ఇంజనీరు హేగ్, కోయల మధ్య క్రైస్తవ సేవకు నాంది పలికాడు. ఆ పనుల్లోని ఉద్యోగి వెంకటరామరాజు కొలువు వదిలి ఆ సేవలోనే ఉండిపోయారు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల భాషనూ ఆచారాలనూ శ్రద్ధగా తెలుసుకుని వ్యాసాలు రాశారు. పడవల మార్గం కల పూర్తి కాలేదు గానీ, ఆ సేవ మాత్రం నిలిచింది.

ఖమ్మం పక్కనే ఉన్న డోర్నకల్‌ది మరో కథ. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదులుకుని 1909లో అక్కడికి వచ్చారు. తమిళుడైనా తెలుగు నేర్చుకుని పేదల పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన కెథెడ్రల్‌లో గుమ్మటాలూ ఉంటాయి, గుడి మండపాన్ని తలపించే స్తంభాలూ ఉంటాయి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. అది ఎపిఫనీ పండుగ. జ్ఞానులు వెతికి వెతికి శిశువును కనుగొన్న సందర్భాన్ని తలచుకునే రోజు. గుడి పేరు కూడా అదే. ఈ ప్రాంతపు పెద్ద గుడి, వెతికి కనుగొన్న వారి పేరుమీద వెలసిందన్నమాట.

మరి ఇప్పుడు వెతకవలసింది ఎక్కడ? యిర్మీయా ఉత్తరం అందుకున్న వారి లాంటి వారు ఈ అడవి అంచున నేడూ ఉన్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో హింసకు తాళలేక సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలున్నారు. పోలవరం ముంపుతో పుట్టిన ఊళ్ళు వదిలి పునరావాస కాలనీలకు చేరిన వారున్నారు. సత్రంలో చోటు దొరకని తల్లి కథను ఏటా పాడుకునే వారికి, చోటు లేని ఈ తల్లులు కనిపించకపోతే ఆ వెతుకులాట సగంలోనే ఆగినట్టు. ఆకలిగొన్న వారికి పెట్టినది తనకే పెట్టినట్టని చెప్పినవాడే కదా రాబోయేది.

నిండు మనసుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. తెల్లవారుజామున టీవీ, ఫోను ముట్టుకోకముందు పావుగంట మౌనం. మాటలు మానేసిన అన్నదమ్ముడి గడప ఒకసారి తొక్కడం. కూలీకి ఇవ్వాల్సిన బాకీ పండుగ లోపే తీర్చడం. కొత్త బట్టల పద్దులో ఒక జత పరాయి బిడ్డకు. నాలుగు ఆదివారాలకు ఈ నాలుగు పనులు చాలు.

ఆ రాత్రి దూత కబురు అందుకున్న గొర్రెల కాపరులు తీర్థయాత్రకు వెళ్ళలేదు. చలిలో మందకు కాపలా కాస్తున్నారు. చేలో మంచె మీద మేలుకున్న రైతుకూ, పత్తి చేలో వంగిన కూలీ తల్లికీ ఆ కబురు అంతే దగ్గర. ఇంటి ముందు నక్షత్రం కట్టడం తేలిక. అది చూపిన దారిలో నడిచినప్పుడే పండుగ.