బయట భోజనం: తగ్గిన డాలరు ఎవరి జేబులోది?

మొన్న ఒక ఆదివారం సాయంత్రం నలుగురం బయట భోజనానికి వెళ్లాం. మెనూ చూసి మనసులో వేసుకున్న లెక్క 120 డాలర్లు. చేతికి వచ్చిన బిల్లు 134 డాలర్ల 11 సెంట్లు. ఆదివారం సర్‌ఛార్జ్ 10 శాతం, అంటే 12 డాలర్లు. దాని మీద కార్డు సర్‌ఛార్జ్ 1.6 శాతం, అంటే ఇంకో 2 డాలర్ల 11 సెంట్లు. మా అమ్మాయి బిల్లు చదివి, "అమ్మా, మనం తినని వాటికి పద్నాలుగు డాలర్లా?" అంది.

పిల్ల అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటి రుణం వాయిదాలు, కరెంటు బిల్లు, పిల్లల క్లాసులు కలిసి ఖర్చు తడిసి మోపెడవుతున్న రోజుల్లో ముందు కోత పడేది బయట భోజనం మీదే. కానీ పూర్తిగా మానేయడం కూడా కష్టం. పుట్టినరోజులకి, ఊర్నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వారమంతా వండి వండి విసిగిన శుక్రవారాలకి హ్యారిస్ పార్కో, టార్నీటో గుర్తుకు రాక మానదు. కాబట్టి తక్కువలో తినడం ఎలాగో ఆలోచించాలి. అయితే లెక్కలు వేస్తూ పోతే నాకొకటి అర్థమైంది. మనకి మిగిలే ప్రతి డాలరూ ఎవరో ఒకరి దగ్గర తగ్గుతుంది. అది ఎవరి దగ్గర అన్నది చూసుకుని మరీ ఆదా చెయ్యాలి.

ఆదివారం సర్‌ఛార్జ్ మోసమా?

ముందు చట్టం సంగతి. ఆస్ట్రేలియాలో రెస్టారెంట్లు, కేఫ్‌లు వారాంతాల్లో, పబ్లిక్ హాలిడేల్లో సర్‌ఛార్జ్ వేసుకోవచ్చు. కానీ ఎంత శాతం, ఏ రోజుల్లో అన్నది మెనూ మీద రాయాలి. ఆ మాట కనీసం మెనూలోని ధరలంత స్పష్టంగా కనిపించాలి. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే సరిపోదు. ఎక్కడా రాయకుండా బిల్లులో వేస్తే ఆ మొత్తం తీసెయ్యమని మర్యాదగానే అడగొచ్చు. ఇక జీఎస్టీ 10 శాతం ఇక్కడ మెనూ ధరలోనే కలిసి ఉండాలి. హైదరాబాద్‌లో లాగా చివర్లో విడిగా కలపడానికి లేదు.

మరి ఆ 10 శాతం న్యాయమేనా? ఇక్కడ ఒక్కో రంగానికి కనీస జీతాలు నిర్ణయించే పత్రాన్ని అవార్డు అంటారు. రెస్టారెంట్ల అవార్డు ప్రకారం పర్మినెంట్ ఉద్యోగికి ఆదివారం ఒకటిన్నర రెట్లు, పబ్లిక్ హాలిడే నాడు రెండుంపావు రెట్లు జీతం ఇవ్వాలి. ఒక చిన్న లెక్క వేద్దాం. ఖర్చుల్లో మూడో వంతు జీతాలనుకుంటే, అవి సగం పెరిగితే మొత్తం ఖర్చు ఆరో వంతు, అంటే 16, 17 శాతం పెరుగుతుంది. క్యాజువల్‌గా పనిచేసేవాళ్లకి మామూలు రోజుల్లోనే 25 శాతం అదనం ఉంటుంది కనుక వాళ్ల విషయంలో ఆదివారం పెరుగుదల ఇంత ఉండదు. రెండూ కలిపి చూస్తే 10 శాతం దోపిడీ ఏమీ కాదు. పైగా పెనాల్టీ రేట్లని, ఓవర్‌టైమ్ రేట్లని తగ్గించకుండా అవార్డులకి రక్షణ కల్పించే చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. కాబట్టి ఈ సర్‌ఛార్జ్ ఇప్పట్లో పోయేది కాదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మనం కట్టిన 10 శాతం నేరుగా పనివాళ్లకే చేరాలన్న నియమం ఎక్కడా లేదు. అది యజమాని ఆదాయంలో కలిసిపోతుంది. యజమాని అవార్డు ప్రకారం జీతం ఇస్తుంటే మన డబ్బు సరైన చోటికి చేరినట్టు, ఇవ్వకపోతే లేదు.

సర్‌ఛార్జ్ తప్పించుకోవడానికి సూటైన దారి రోజు మార్చుకోవడం. అదే భోజనం మంగళవారం తింటే 12 డాలర్లు మిగులుతాయి, ఎవరి జీతమూ తగ్గదు. పుట్టినరోజు పార్టీ ఆదివారమే చెయ్యాలంటే బుక్ చేసేటప్పుడే మూడు విషయాలు కనుక్కోండి. ఆ రోజు సర్‌ఛార్జ్ ఎంత, పెద్ద గ్రూపుకి విడిగా ఏమైనా ఉందా, బయటి నుంచి కేకు తెస్తే తలకింత కేకేజ్ వేస్తారా? ఈ మూడోది మనవాళ్లలో చాలామందికి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

కార్డు గీకితే పడే కోత

చిన్న మొత్తమే అయినా ఎక్కువమందికి చిరాకు తెప్పించేది కార్డు సర్‌ఛార్జ్. ఆస్ట్రేలియన్లు ఏడాదికి 120 కోట్ల డాలర్లు ఇలా కడుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2025 జులైలో చెప్పింది. ఎఫ్ట్‌పాస్, వీసా, మాస్టర్‌కార్డ్‌ల మీద ఈ సర్‌ఛార్జ్‌ని ఎత్తేయాలని అప్పుడే ప్రతిపాదించింది. వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ చెప్పే ప్రకారం వ్యాపారికి ఎఫ్ట్‌పాస్ ఖర్చు సాధారణంగా అర శాతం కంటే తక్కువ. వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్‌కి అర శాతం నుంచి ఒక శాతం దాకా, క్రెడిట్‌కి ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా అవుతుంది. తనకైన ఖర్చు కంటే ఎక్కువ వసూలు చెయ్యడం చట్టవిరుద్ధం. ఏ దారిలో కట్టినా సర్‌ఛార్జ్ తప్పని చోట దాన్ని మెనూ ధరలోనే కలిపి చూపించాలి.

కొన్ని చోట్ల కార్డుని ట్యాప్ చెయ్యకుండా మెషిన్‌లో పెట్టి సేవింగ్స్ నొక్కితే సర్‌ఛార్జ్ తగ్గుతుంది, కొన్ని చోట్ల అన్నింటికీ ఒకే రేటు ఉంటుంది. అడిగితే చెప్తారు. ఈ సర్‌ఛార్జ్ ఎత్తేసినా ఆ ఖర్చు గాల్లో కలిసిపోదు, కొంత మెనూ ధరల్లోకి వెళ్తుంది. కాకపోతే మెనూలో చూసిన ధరే బిల్లులో ఉంటుంది, మనం లెక్క ముందే వేసుకోవచ్చు. నలుగురు పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి ఆ నమ్మకమే పెద్ద ఊరట.

క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌లో ఆర్డర్ చేసేటప్పుడు చివరి పేజీని నిదానంగా చదవండి. టిప్ ముందే కలిపి ఉండొచ్చు. ఈ దేశంలో టిప్ మన ఇష్టం, తప్పనిసరి కాదు.

ఖాళీ కుర్చీల డిస్కౌంట్

మంచి ఆదా ఎక్కడుందంటే రెస్టారెంట్ ఖాళీగా ఉండే వేళల్లో. అద్దె, స్టవ్వు, వంటవాడు అప్పుడూ ఉంటారు, లేనిది తినేవాళ్లే. రాత్రి గడిచిపోయిన ఖాళీ కుర్చీని రేపు అమ్ముకోవడం కుదరదు. అందుకే వీక్‌డే లంచ్ థాలీలు చవగ్గా ఉంటాయి. ఫస్ట్ టేబుల్ లాంటి యాప్ చిన్న బుకింగ్ ఫీజు తీసుకుని, పెందలాడే వచ్చే మొదటి టేబుల్‌కి ఫుడ్ బిల్లులో సగం తగ్గించేది ఇందుకే. ఈట్‌క్లబ్ కూడా ఖాళీ వేళల్నే అమ్ముతుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో సాయంత్రం ఆరింటికే ఆకలేస్తుంది కాబట్టి ఇవి మనకి బాగా కుదురుతాయి. ఇందులో నష్టపోయేవాళ్లెవరూ లేరు.

క్లబ్బుల సంగతి వేరు. ఆర్‌ఎస్‌ఎల్ లాంటి క్లబ్బుల్లో భోజనం చవక, చాలా చోట్ల వారంలో ఒక రోజు పిల్లలకి ఉచితం. మేమూ వెళ్తాం. కానీ న్యూ సౌత్ వేల్స్ క్లబ్బుల్లో 1956 నుంచి పోకర్ మెషిన్లకి అనుమతి ఉంది. పక్క హాల్లో ఆ మెషిన్ల ముందు కూర్చున్నవాళ్లు పోగొట్టుకున్న డబ్బులో కొంత మన ప్లేటు ధర తగ్గడానికి పనికొస్తోంది. వెళ్లొద్దని అనను. పిల్లలు అడిగినప్పుడు ఈ భోజనం ఎందుకు చవకో నిజం చెప్పగలగాలి.

డెలివరీ యాప్‌ల లెక్క ఇంకా తేలిక. రెస్టారెంట్ దగ్గర 30 శాతం దాకా కమిషన్ తీసుకుంటారు కాబట్టి చాలా చోట్ల యాప్ మెనూలో ధరలే ఎక్కువ పెడతారు. ఆపైన డెలివరీ ఫీజు, సర్వీస్ ఫీజు. రెస్టారెంట్‌కి ఫోన్ చేసి మనమే వెళ్లి తెచ్చుకుంటే మనకీ మిగులుతుంది, వాళ్లకీ మిగులుతుంది.

లస్సీ, మంచినీళ్లు, మిగిలిన బిర్యానీ

మా 120 డాలర్లలో నాలుగు మ్యాంగో లస్సీలే 28 డాలర్లు. ఆదివారం, కార్డు సర్‌ఛార్జ్‌లు రెండూ కలిపినా అందులో సగమే. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో మద్యం లైసెన్సు ఉన్న రెస్టారెంట్లు మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. "స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్?" అని అడిగితే మొహమాటపడకుండా "ట్యాప్ వాటర్" అనండి. లస్సీ తాగాలనిపిస్తే రెండు తీసుకుని నాలుగు గ్లాసుల్లో పోసుకోవచ్చు.

బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్ విడి ప్లేట్ల కంటే లాభమే, మిగిలింది మర్నాటి లంచ్ బాక్సులోకి వస్తేనే. ఇక్కడ కాస్త సైన్స్ కావాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉండొచ్చు, అవి ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, విషం తయారు చేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్న ఆహారానికి ఆస్ట్రేలియా ఆహార భద్రతా సంస్థలు చెప్పే నియమం ఇది: రెండు గంటల లోపైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, రెండు నుంచి నాలుగు గంటల మధ్యైతే వెంటనే తినేయాలి, నాలుగు దాటితే పారెయ్యాలి. అందుకని బిర్యానీ రాగానే సగం విడిగా తీసి మూత పెట్టించి, షాపింగ్‌కి తిరక్కుండా నేరుగా ఇంటికి రండి. డాక్టర్ ఫీజు కట్టాక అది ఆదా అనిపించుకోదు.

తగ్గించకూడనిది

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. మాకు తెలిసిన ఒక స్టూడెంట్ ఉన్నాడు. మాస్టర్స్ చేస్తూ సాయంత్రాలు ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో పని చేసేవాడు. గంటకి 14 డాలర్లు, చేతికి నగదు, పేస్లిప్ లేదు. అక్కడ భోజనం చాలా చవకని, క్యాష్ ఇస్తే ఇంకో 10 శాతం తగ్గిస్తారని మేమే పదిమందికి చెప్పాం. ఒకరోజు పూజకి మా ఇంటికొచ్చినప్పుడు మాటల్లో, "ఆ పది శాతం ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నారు అక్కా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

2025 జులై 1న దేశంలో కనీస వేతనం గంటకి 24 డాలర్ల 95 సెంట్లు అయింది. క్యాజువల్‌కి 25 శాతం కలిపితే 31 డాలర్ల 19 సెంట్లు. స్టూడెంట్ వీసా మీద ఉన్న పెద్దవాళ్లకీ అదే వర్తిస్తుంది. ఆ అబ్బాయికి ప్రతి గంటకీ 17 డాలర్లు తగ్గాయి. కాలేజీ జరిగే రోజుల్లో స్టూడెంట్లకి రెండు వారాలకి 48 గంటలే పని చేసే అనుమతి. పూర్తిగా చేస్తే రెండు వారాల్లో 800 డాలర్లకి పైనే పోయినట్టు. మేము ఒక్కో భోజనానికి మిగుల్చుకున్నది 12 డాలర్లు.

క్యాష్ తీసుకునే ప్రతి యజమానీ ఇలాంటివాడేనని నేను అనను. నగదులో జీతమివ్వడం కూడా తప్పు కాదు, పేస్లిప్ ఇచ్చి, పన్ను, సూపర్ కట్టినంత వరకు. నిజాయితీగా నడిపే రెస్టారెంట్ల కష్టం కూడా తక్కువేమీ కాదు. అద్దెలు, కరెంటు, సరుకుల ధరలు పెరిగి చాలామంది మూసేస్తున్నారు. పూర్తి జీతాలిచ్చే అలాంటివాళ్లు, సగం జీతమిచ్చి చవగ్గా పెట్టే పక్క దుకాణంతో పోటీ పడలేరు. మనం చవకని ఆ పక్క దుకాణానికే వరస కడితే చివరికి మిగిలేది అదే.

2025 జనవరి 1 నుంచి కావాలని జీతం తగ్గించి ఇవ్వడం ఈ దేశంలో నేరం. వీసా రద్దు చేయిస్తానని యజమాని బెదిరిస్తే నమ్మక్కర్లేదు, ఆ అధికారం అతనికి లేదు. వీసా పేరు చెప్పి పనివాళ్లని లొంగదీసుకోవడం 2024 జులై నుంచి అదీ నేరమే. మీ ఇంటికి భోజనానికొచ్చే స్టూడెంట్లకి ఈ సంగతి చెప్పండి. ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు బయట భోజనం నెలకి రెండుసార్లు. ఎక్కువగా మంగళ, బుధవారాల్లో, రెండు లస్సీలతో. బిల్లు 120 నుంచి 106కి వచ్చింది, సర్‌ఛార్జ్ లేదు. మా అమ్మాయికి ఆ పద్నాలుగు డాలర్ల లెక్క వివరంగా చెప్పాను. కార్డుకి పోయిన రెండు డాలర్లు అనవసరమే అని ఒప్పుకున్నాను. మిగతా పన్నెండు ఆదివారం సాయంత్రం తన ఇంట్లోవాళ్లని వదిలి మనకి వడ్డించినవాళ్ల కోసం అని చెప్పాను. అవి వాళ్లకి నిజంగా అందుతున్నాయా అని తను వెంటనే అడిగింది. వచ్చేసారి అక్కడ పనిచేసేవాళ్లనే అడుగుదామన్నాను.