మారిషస్ యాత్రలు: మన రచయితల చూపు

కొన్నేళ్ళుగా మన పత్రికల్లో మారిషస్ యాత్రాకథనాలు విరివిగా వస్తున్నవి. పది చదివితే పదింటిలోనూ అదే నీలిసముద్రం, అదే తెల్లటి ఇసుక, షమరెల్‌లో ఏడు రంగుల నేల, పాంప్లెమూస్ తోటలో పళ్ళాలంతటి కలువాకులు. చివరి పేరాలో అక్కడి తెలుగువారు ఉగాది చేసుకుంటున్నారన్న ఆనందబాష్పాలు. ఇవి కాలక్షేపపు రాతలు, వీటిమీద విమర్శ దేనికని కొందరనవచ్చు. నేను తెలుగు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. యాత్రారచన అనే ప్రక్రియను పాఠంగా చెప్పేటప్పుడు నా విద్యార్థులు నమూనాలుగా పట్టుకొచ్చేవి ఈ కథనాలే. భాష నేర్పే రాత చూపును కూడా నేర్పుతుంది. కాబట్టి ఇది కాలక్షేపపు సమస్య కాదు.

నేనూ మొన్న వేసవి సెలవుల్లో ఆ ద్వీపానికి వెళ్ళాను. ఎనిమిది రోజులపాటు ఎక్కువగా అక్కడి బస్సుల్లోనే నాలుగు దిక్కులూ తిరిగాను. కనుక సెలవుల్లో విహారానికి పోవటం మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా, తిరిగివచ్చి ఏమి రాస్తున్నాము, ఏమి రాయకుండా దాటేస్తున్నాము అన్న దానిమీదనే.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మారిషస్ ద్వీపం సుమారు 1,865 చదరపు కిలోమీటర్ల నేల. 1598లో డచ్చివారు దిగేనాటికి అక్కడ మనుషుల నివాసం లేదు. డచ్చివారు 1638లో కాపురం పెట్టి, 1710లో వదిలిపోయారు. 1715 నుంచి ఫ్రెంచివారు, 1810 నుంచి బ్రిటిషువారు ఏలారు. అంటే ఆ నేలమీద ఇవాళ కనిపించే ప్రతి మనిషి పూర్వీకుడూ బయటినుంచి వచ్చినవాడే. కొందరు యజమానులుగా వచ్చారు, ఎక్కువమంది తేబడ్డారు. ఎవరు ఎవరిని తెచ్చారు, ఎవరి లాభం కోసం తెచ్చారు అన్న ప్రశ్న వేయకుండా ఆ ద్వీపాన్ని గురించి ఒక్క వాక్యం కూడా నిజంగా రాయటం సాధ్యం కాదు. మన రచయితలు ఈ ప్రశ్నను వదిలేసి, ద్వీపాన్ని ప్రకృతి ఖాతాలో వేస్తున్నారు.

ఉత్తరం నుంచి మొదలుపెడదాం. యాత్రికులు పాంప్లెమూస్ తోట చూసి, ప్రక్కనే బో ప్లాన్‌లోని చక్కెర మ్యూజియంలో రకరకాల బెల్లపు రుచులు చూసి, గ్రాండ్ బే పడవల దగ్గరకు పోతారు. ఆ మ్యూజియం 1999లో మూతపడిన చక్కెర మిల్లు. అక్కడికి దగ్గరలోనే అంజలై పేరుతో ఒక క్రీడామైదానం వున్నది. ఎవరీ అంజలై? 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరెల్ ఎస్టేటులో కూలిరేట్ల కోసం సమ్మెచేస్తున్న చెరకు కూలీలమీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో అంజలై కూపెన్ ఒకరు. ఆమె అప్పుడు గర్భిణి. చక్కెర రుచిని మూడు పేరాలు వర్ణించినవారికి ఈమె పేరు రాయటానికి మూడు పంక్తులు దొరకలేదు.

తూర్పున ఫ్లాక్ ప్రాంతం. యాత్రికులు ట్రూ దో దూస్ దగ్గర పడవెక్కి జింకల దీవికి పోతారు. దోవలో చెరకుతోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తవి. ఒక కథనంలో వాటిని ప్రకృతి కట్టిన పిరమిడ్లన్నారు. అవి ప్రకృతి కట్టినవి కావు. అగ్నిపర్వతపు రాళ్ళతో నిండిన నేలను దున్నకానికి తేవటానికి కూలీలు చేతులతో ఏరి పేర్చిన గుట్టలు. ఈ ప్రాంతంలోనే, యూనియన్ ఫ్లాక్ మిల్లు దగ్గర, 1937 ఆగస్టులో ఊబా రకం చెరకుకు ధర తగ్గించినందుకు చిన్నరైతులు, కూలీలు ఎదురుతిరిగితే ఎస్టేటు వైపునుంచి తుపాకులు పేలినవి. నలుగురు చనిపోయారు. ఇందులో మన రచయితలు తప్పక తెలుసుకోవలసిన విశేషమొకటి వున్నది: ఆ మిల్లు యజమానులు భారతీయ సంతతివారే. చచ్చినవారూ, చంపినవారూ కూడా "మనవాళ్ళే"! రక్తసంబంధం వర్గసంబంధాన్ని రద్దు చేస్తుందని నమ్మేవారికి ఈ ఒక్క సంఘటన చాలు.

ఆగ్నేయంలో మయెబూర్. 2020 జులై 25న వకాషియో అనే ఓడ అక్కడి పగడపుదిబ్బకు కొట్టుకున్నది. ఆగస్టులో దాని చమురు సముద్రంలోకి కారింది. ప్రభుత్వం తేరుకోకముందే జనం గోనెల్లో, బట్టసంచుల్లో చెరకాకు కూరి, వాటిని వరసగా కుట్టి చమురుకు అడ్డుకట్టగా వేశారు. నూరేళ్ళకుపైగా తమ వీపులను కోసిన చెరకాకుతోనే ఆ ప్రజలు తమ సముద్రాన్ని కాపాడుకోబోయారు. ద్వీపపు సముద్రాన్ని గురించి రాయటానికి ఇంతకన్న వస్తువేం కావాలి? అయినా మన కథనాల్లో సముద్రానికి రంగు తప్ప చరిత్ర లేదు.

నైరుతి కొసన లె మోర్న్ కొండ, 556 మీటర్ల నిలువు బండ. పారిపోయిన బానిసలు దానిమీద తలదాచుకున్నారు. బానిసత్వం రద్దయిందని చెప్పటానికి సైనికులు ఎక్కివస్తుంటే, మళ్ళీ పట్టుకోవటానికి వస్తున్నారనుకొని కొండమీదినుంచి దూకి చచ్చారని జనం చెప్పుకుంటారు. అది వాచా వచ్చిన కథ. కాగితాలమీద నిలిచిన సంగతి మరొకటున్నది. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు. ఒక్క మారిషస్ యజమానులకే 20 లక్షల పౌండ్లకు పైగా దక్కింది. సుమారు 66 వేలమంది బానిసలకు దక్కింది, మరి నాలుగేళ్ళు "అప్రెంటిస్" పేర అదే చాకిరీ. ఇవాళ ఆ కొండపాదంలో విలాసపు హోటళ్ళు, గోల్ఫు మైదానం వున్నవి. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన రచయిత దాని ముందు నిలబడి సూర్యాస్తమయాన్ని గుర్తించాడు.

ఇక నడిమి పీఠభూమి. అక్కడి క్యూర్‌పీప్ పట్నం చల్లగా, మబ్బుగా, ఊటీలాగా వుంటుందంటారు. పట్నం పెరగటానికి చల్లదనం ఒక్కటే కారణం కాదు. 1866-68లో మలేరియా పోర్ట్ లూయిని తుడిచిపెట్టినప్పుడు డబ్బున్నవారు ఎత్తుప్రదేశాలకు తరలిపోయారు. కూలీలు దోమల్లోనే మిగిలారు. అంటే అక్కడి వాతావరణం కూడా వర్గాలవారీగా పంపిణీ అయింది. తరువాత 1970లో ఎగుమతి మండలాల చట్టం వచ్చి బట్టల ఫ్యాక్టరీలు లేచినవి. మొదట ద్వీపపు స్త్రీలు, తరువాత బంగ్లాదేశ్, మడగాస్కర్, ఇండియాల నుంచి వచ్చిన కార్మికులు వాటిని నడిపారు. కూలీని ఓడ దింపే పని ఆగలేదు, ఓడ బదులు విమానం వచ్చిందంతే.

తీరం సంగతి కూడా ఇంతే. సముద్రపొడ్డున సుమారు 81 మీటర్ల వెడల్పు పట్టీ చట్టప్రకారం ప్రభుత్వానిది. దాన్ని హోటళ్ళకు, బంగళాలకు కౌలుకిస్తారు. పెద్ద హోటలు కంపెనీలు కొన్ని పాత చక్కెర పెట్టుబడినుంచే పుట్టినవి. చెరకులో లాభం తగ్గగానే ఇసుకలో లాభం వెతుక్కున్నారు. 2019లో వచ్చిన యాత్రికులు సుమారు 13.8 లక్షలు, ద్వీపవాసులు 13 లక్షలకు లోపు. మనం "స్వర్గం" అని రాసేది ఈ వ్యాపారానికి ఉచిత ప్రకటన. స్వర్గాన్నీ మారిషస్‌నూ ముడిపెట్టే మాటొకటి మార్క్ ట్వేన్ పేర అందరూ వాడుకుంటున్నారు. 1896లో అక్కడ దిగిన ఆయన ఆ మాటను ద్వీపవాసి ఒకరు అన్నట్లుగా రాసి, మరొకరు దాన్ని అతిశయోక్తిగా కొట్టిపారేశారని వెంటనే చేర్చాడు. ఆయన వెక్కిరింపును మనవాళ్ళు సాక్ష్యంగా వాడుకుంటున్నారు!

ఇప్పుడు తెలుగువారి విషయానికి వద్దాం. బానిసలు పోయాక తోటలకు చేతులు కావలసివచ్చి 1834 నుంచి ఇండియా కూలీలను దింపటం మొదలయింది. 1920 లోపల సుమారు నాలుగున్నర లక్షలమంది దిగారు. పోర్ట్ లూయిలో వారు దిగిన రేవు, 16 మెట్లతో సహా, ఆప్రవాసీ ఘాట్ పేరుతో నేటికీ వున్నది. మన గంజాం, విశాఖ, గోదావరి సీమలనుంచి పోయినవారిని కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద "కోరంగీలు" అన్నారు. వారు సాహసికులై, సంస్కృతీ ప్రచారకులై ఓడలెక్కలేదు. 1832-33 నందన కరువు, మూలపడ్డ మగ్గాలు, శిస్తు భారం వారిని ఎక్కించినవి. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. 1867 చట్టం కింద ఒప్పందం తీరిన కూలీ కూడా ఫోటో అతికించిన పాసు లేనిదే వీధిలో నడవరాదు. ఆ నేలమీద మనవారికి తీసిన తొలి ఛాయాచిత్రాలు పోలీసులకు చూపటానికి తీసినవి. ఇవాళ అదే నేలమీద మనం తీసుకునే ఫోటోలను వాటి ప్రక్కన పెట్టి చూడండి.

1990లో అక్కడే ప్రపంచ తెలుగు మహాసభ జరిగింది. అక్కడ ఉగాది సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు వున్నవి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు చెబుతారు. ఇదంతా సంతోషమే. అయితే ఇళ్ళల్లో మాట్లాడుకునేది చాలావరకు క్రియోల్. బానిసలు, యజమానుల భాషను విరిచి తమకు కావలసినట్లు మలచుకున్న భాష అది. నేను కలిసిన తెలుగు కుటుంబాల్లో యువకులు నాతో క్రియోల్ యాసతో ఇంగ్లీషు మాట్లాడారు, అందులో వారికి చిన్నతనమేమీ లేదు. మన రచయితలకు మాత్రం అది "నష్టం". కూలిబారకుల్లో భోజ్‌పురివాడితో, తమిళుడితో, ఆఫ్రికా సంతతివాడితో కలిసి బ్రతకటానికి తాత నేర్చుకున్న భాషను నష్టమనటం, ఆ తాత బ్రతుకును నష్టమనటమే.

యాత్రారచనకు ఇంత బరువు మోసే శక్తి వున్నదా అంటే, తెలుగులో ఆ ప్రక్రియ పుట్టిందే ఆ శక్తితో. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేశాడు. ఆయన అభ్యుదయవాది కాడు. బోయీల భుజాలమీద పల్లకిలో పోయిన పెద్ద ఉద్యోగి. అయినా దోవలో బియ్యం ధర, నీటివసతి, రేవుసుంకం, ఊళ్ళోని కులాలు, కుంఫిణీ పాలన తీరు గుర్తుపెట్టుకొని రాశాడు. కూలీల ఓడలు కదలటం మొదలైన దశాబ్దమే అది. రెండు వందల ఏళ్ళ తరువాత, చేతిలో సమస్త సమాచారమూ పెట్టుకొని, మనం హోటలు పలహారాల జాబితా దగ్గర ఆగిపోయాము. దీన్ని వికాసం అందామా?

"సెలవు గడపబోయినవాడికి ఈ చరిత్రంతా ఎందుకు? సౌందర్యం మీద మీకు పగా?" అని అడుగుతారు. సౌందర్యం మీద పగ లేదు. దక్షిణాన సూయాక్ దగ్గర పగడపుదిబ్బ లేనిచోట సముద్రం నేరుగా నల్లకొండకు కొట్టుకోవటం నేనూ గంటసేపు చూశాను. కాని పచ్చటి చెరకు అందంగా వున్నదనటం ఒకటి, దాన్ని ఎవరూ నాటనట్లు వర్ణించటం ఇంకొకటి. రెండవది అబద్ధం. అబద్ధం సౌందర్యశాస్త్రంలో కూడా అబద్ధమే.

మనవైపు రాతల్లోనూ ఒక లోపమున్నది. మారిషస్ అనగానే దోపిడి, సామ్రాజ్యవాదం అని నాలుగు మాటలు దొర్లించి ముగించే వ్యాసాలూ వచ్చినవి. అందులో ప్రజలు ఏడ్చేవారే తప్ప గెలిచేవారు కారు. 1936లో అక్కడ లేబర్ పార్టీ పుట్టింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. 1975 మే 20న విద్యార్థులు వేలసంఖ్యలో పోర్ట్ లూయి మీదికి నడిచారు. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమయింది. ఇది మన విద్యార్థులు చదవవలసిన పాఠం కాదా? దోపిడిని చెప్పి పోరాటాన్ని దాచేవాడు కూడా సగం నిజమే చెబుతున్నాడు.

చివరకు, ఏ యాత్రా ప్యాకేజీలోనూ లేని దీవుల సంగతి. స్వాతంత్ర్యం ఇవ్వటానికి ముందే, 1965లో, బ్రిటన్ షాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. అమెరికా సైనికస్థావరం కోసం 1968-73 మధ్య అక్కడి 1,500 మందికి పైగా ప్రజలను వెళ్ళగొట్టింది. చాలామంది పోర్ట్ లూయి మురికివాడల్లో పడ్డారు. ఆ విడదీత చెల్లదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మేలో దీవుల సార్వభౌమత్వం మారిషస్‌కు ఇచ్చే ఒప్పందంమీద సంతకాలు జరిగినవి, డియెగో గార్సియా స్థావరాన్ని మాత్రం 99 ఏళ్ళ కౌలుకు అట్టేపెట్టుకొని! ఒకే దేశంలో ఒక తీరానికి మనల్ని రమ్మని పిలుస్తారు. మరో తీరం నుంచి అక్కడ పుట్టినవారిని తరిమారు. ఈ రెంటినీ కలిపి చూడలేనివాడు మారిషస్ తిరిగివుండవచ్చు, చూశాడని మాత్రం చెప్పలేము.

విద్యార్థులకూ, తోటి ఉపాధ్యాయులకూ నా సూచన చిన్నది. ఎక్కడికైనా వెళ్ళండి. వచ్చి రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ నేల ఎవరిది? దీన్ని ఇలా చేసిన చేతులెవరివి? ఆ చేతులు ఇప్పుడు ఎక్కడున్నవి? ఈ మూడింటికీ జవాబు వెతికిన తరువాత సముద్రం రంగు ఎంతసేపయినా వర్ణించండి. అప్పుడు ఆ నీలానికి అర్థముంటుంది.