దోషం మీద దుప్పటి

పైథాన్‌లో వెబ్ ఏపీఐలు వ్రాసే మనవారిలో చాలామందికి ఒక వింత అలవాటు పట్టుకుంది. కొత్త వస్తువును సృష్టించమని వచ్చిన అభ్యర్థన విఫలమైతే కారణం వెదకరు. ఆ భాగమంతటికీ ట్రై-ఎక్సెప్ట్ దుప్పటి కప్పి, "ఏదో పొరపాటు జరిగింది" అని పంపి చేతులు దులుపుకుంటారు. రోగి నోరు నొక్కితే రోగం నయమైనట్టా?

జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌నే తీసుకోండి. సీరియలైజర్ తనిఖీలో తప్పిన దత్తాంశానికి 400 వస్తుంది. ఏ గడిలో ఏ లోపమో అదే పేరుపేరునా చెబుతుంది. తనిఖీ దాటి డేటాబేసు గడప దగ్గర ఆగిపోయినదే ఇంటెగ్రిటీ ఎర్రర్. దాన్ని పట్టించుకోకపోతే 500. తరచూ దాని వెనుక కథ చిన్నదే: యజమాని గడిని రీడ్ ఓన్లీ చేసి ఉంటారు, పర్‌ఫార్మ్ క్రియేట్‌లో సేవ్‌కు లాగిన్ అయిన వ్యక్తిని అందించి ఉండరు. నాట్ నల్ నిబంధన అడ్డుపడుతుంది. ఒక్క పంక్తితో తీరే పని!

దానికి మనవారు చేసే వైద్యమేమిటయ్యా అంటే, మోడల్‌లో ఆ గడికి నల్ ట్రూ అని పెట్టడం. దోషం మాయమవుతుంది, యజమాని లేని ఆర్డర్లు మిగులుతాయి. ఆరు నెలల తరువాత ఆ సొమ్ము ఎవరిదో చెప్పగలవారెవరు? మరికొందరు ఇంకా ఘనులు: విఫలమైనా 200 పంపి, లోపల 'ఫెయిల్డ్' అని వ్రాస్తారు. (సృష్టి జరిగితే చెప్పడానికి 201 అనే సంకేతం ఒకటుందని వీరికెవరైనా చెప్పారో లేదో!)

వాడుకరికి ట్రేస్‌బ్యాక్ చూపరాదన్న వాదనను ఒప్పుకుంటాను. చూపకండి, లాగ్‌లో మాత్రం పూర్తిగా వ్రాయండి. తెలిసిన దోషాన్ని దాని పేరుతోనే పట్టుకోండి, తెలియనిదాన్ని పైకి పోనివ్వండి.