తుపాకీ పేలిన తర్వాత

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏటా థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం తుపాకీతో జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. మేనమామ వెంట తెల్లవారకముందే అడవికి బయల్దేరే పదమూడేళ్ల పిల్లవాణ్ణి తలచుకోగానే మనవాళ్లు అడిగేది ఒక్కటే: ఆ వయసువాడి చేతికి తుపాకీ ఏమిటని. నాకు ఆ తుపాకీ పేలాక జరిగేదే ముఖ్యం. గుండు తగిలినా జింక చాలాసార్లు అక్కడే పడిపోదు, పరుగెడుతుంది. వెంటనే తరిమితే బెదిరి ఇంకా దూరం పోతుంది కనుక అరగంటో గంటో ఓపిక పట్టి, ఎండుటాకుల మీది నెత్తుటి మరకలు వెతుక్కుంటూ వెళ్లాలి. దొరికాక పొట్ట కోసి పేగులు తీయాలి, మర్నాడు సాయంత్రం 5 గంటలలోపు నమోదు చేయించాలి. అక్కడి జింకల్లో 2002లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు బయటపడింది. అందుకే కొందరు మెడలోని లింఫ్ గ్రంథులు పరీక్షకు పంపి, ఫలితం చూశాకే వండుకుంటారు. ఈ చాకిరీ అంతా మేనల్లుడి చేత చేయించే మామ అంటే నాకు గౌరవం. గురి మాత్రం వాడికి వదిలి, నెత్తుటి పని తాను ముగించి, కొమ్ములు పట్టించి ఫొటో తీసే మామ వాడికి అన్యాయం చేస్తున్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దగ్గర వేటను ఆపింది, ఆపడమే సబబు. కానీ ఆదివారం మటన్ కొట్టు దగ్గర పిల్లల కళ్లు మూసి, మధ్యాహ్నం అదే కూర కొసరి కొసరి వడ్డించే మనం ఆ మొదటి మామను కఠినుడనడం నాకు మింగుడుపడదు. గాయపడిన జింక దొరకలేదంటే, చీకటిపడినా టార్చిలైటుతో ఆ పిల్లవాణ్ణే వెంటబెట్టుకుని వెతికేది ఆయనే.