నేతకో నివాసం, కూలీకో నివాసం

ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావాలంటే అక్కడ ఎన్నేళ్లు నివసించి ఉండాలి? రాజ్యాంగంలో ఎంత వెదికినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. 164వ అధికరణ ప్రకారం చట్టసభలో సభ్యత్వం లేని వ్యక్తి సైతం మంత్రిగా, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయవచ్చు; ఆరు నెలల్లోగా సభ్యత్వం సంపాదిస్తే చాలు. శాసనసభకు పోటీ చేసేవారికి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టిన నివాస షరతు కూడా స్వల్పమే. ఆ రాష్ట్రంలోని ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. అమెరికాలో మిస్సోరీ గవర్నర్ పదవికి పదేళ్లు, న్యూయార్క్ గవర్నర్ పదవికి ఐదేళ్లు ఆ రాష్ట్రంలో నివాసం తప్పనిసరి. మన దేశంలో ముఖ్యమంత్రి పదవికి అలాంటి లెక్కే లేదు.

తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రంలో సర్కారు కొలువుకు ముల్కీ నిబంధనలు 15 ఏళ్ల నివాసాన్ని కోరాయి. ఆ వివాదం 1969లో తెలంగాణను, 1972లో ఆంధ్ర ప్రాంతాన్ని అట్టుడికించింది. చివరకు 371డి అధికరణ కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు నాలుగేళ్ల చదువునో నివాసాన్నో స్థానికతకు కొలమానంగా నిర్ణయించాయి. గుమాస్తా కొలువులో స్థానిక కోటా పొందాలంటే బడి సర్టిఫికెట్లు చూపాలి. ఆ గుమాస్తా తయారుచేసిన దస్త్రంపై సంతకం చేసే ముఖ్యమంత్రికి మాత్రం ఆ అవసరం లేదు. కనుకనే ‘బయటి నేత’ ఎవరైనా రంగప్రవేశం చేసినప్పుడల్లా, ముఖ్యమంత్రి పదవికీ నివాస కాలం నిర్దేశించాలన్న వాదన తలెత్తుతుంది.

వినడానికి న్యాయంగానే ఉన్నా, ఈ వాదన మేలు చేసేది కాదు. అంబాలాలో బెంగాలీ కుటుంబంలో పుట్టిన సుచేతా కృపలానీ 1963లో ఉత్తరప్రదేశ్ పగ్గాలు చేపట్టి, దేశంలోనే తొలి మహిళా ముఖ్యమంత్రి అయ్యారు. షీలా దీక్షిత్ ఢిల్లీలో చదువుకున్నా, 1984లో లోక్‌సభకు ఎన్నికైంది ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి. 1998 నుంచి 15 ఏళ్లపాటు ఢిల్లీని పాలించారు. నివాస కాలం లెక్క చట్టంలోకి ఎక్కితే, ఇలాంటివారు తగినవారా కాదా అన్నది ఓటరు చేతి నుంచి జారి, రిటర్నింగ్ అధికారి బల్ల మీదికీ కోర్టు వ్యాజ్యాల్లోకీ పోతుంది. కుర్చీని చూసి బెదిరే ఓటరు కాదు మనవాడు. ముఖ్యమంత్రిగా ఉంటూనే పోటీ చేసిన టి.ఎన్. సింగ్‌ను 1971లో ఉత్తరప్రదేశ్‌లోని మనీరాం, శిబు సోరెన్‌ను 2009లో ఝార్ఖండ్‌లోని తమాడ్ ఓడించాయి. ఇద్దరూ పదవి వదులుకోక తప్పలేదు. వారు బయటివారు కారు. అయినా, తమకు సమ్మతం కాని నేతను తిప్పిపంపే శక్తి ఓటరుకు ఉందనడానికి ఆ రెండు ఎన్నికలే సాక్ష్యం.

అసలు లోపం మరోచోట ఉంది. ఓటరు కావాలంటే ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అది నివాసం కాదనీ, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదనీ ఆ చట్టంలోని 20వ సెక్షన్ వివరిస్తోంది. విధుల మీద దూరంగా ఉండే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ప్రత్యేక రక్షణ కూడా కల్పించింది. కాగితం మీద అంతా సవ్యమే. తేడా అంతా ఆచరణలోనే.

2003కు ముందు రాజ్యసభకు పోటీ చేసేవారు ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. మన్మోహన్ సింగ్ 1991లో గువాహటి చిరునామాతోనే అసోం ప్రతినిధిగా రాజ్యసభలో అడుగుపెట్టారు. ఇలా పరాయి రాష్ట్రాల్లో చిరునామాలు వెతుక్కోవడం ఏదో ఒక పార్టీకే పరిమితమైన అలవాటు కాదు. నిబంధన ఇబ్బందిగా మారేసరికి 2003లో పార్లమెంటు దానినే ఎత్తివేసింది. 2006లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. నేతల జీవితానికి అనుగుణంగా నివాస నియమమే వంగింది.

వలస కూలీ విషయంలో మాత్రం నియమం వంగదు. 2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణలో 7.89 కోట్ల ఓటర్ల జాబితా ముసాయిదా నాటికి 7.24 కోట్లకు తగ్గింది. తొలగిన 65 లక్షల పేర్లలో మరణించినవారివీ, రెండుచోట్ల నమోదైనవారివీ ఉన్నాయి. కానీ దాదాపు 36 లక్షల మందిని శాశ్వతంగా వలస వెళ్లినవారిగా లేదా ఆచూకీ లేనివారిగా లెక్కగట్టారు. పంట పనులు లేని రోజుల్లో పంజాబ్‌కో ముంబైకో వెళ్లి తిరిగొచ్చే మనిషి శాశ్వతంగా వెళ్లాడో, తాత్కాలికంగా వెళ్లాడో తాళం వేసిన తలుపు చూసి తేల్చడం ఎలా? ఉన్నచోటే ఓటు నమోదు చేసుకోమనడం తేలిక. కాంట్రాక్టరు వెంట ఊరూరా తిరిగే పాలమూరు మేస్త్రీకి, సిక్కోలు కూలీకి అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? దూరం నుంచే ఓటు వేసే యంత్రాన్ని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రతిపాదించినా, అది కార్యరూపం దాల్చలేదు.

కాబట్టి కావలసింది నేతలకు నివాస సంవత్సరాల కొలత కాదు. నివాసం అన్న మాటకు అందరికీ ఒకే అర్థం. తాత్కాలిక గైర్హాజరు వల్ల నివాసం పోదన్న సూత్రం ఎమ్మెల్యేకు ఎంత సహజంగా వర్తిస్తోందో, ఇటుక బట్టీ కార్మికుడికీ అంతే సహజంగా వర్తించాలి. అతడు శాశ్వతంగా వెళ్లిపోయాడని రుజువు చేసే భారం అధికారులదే కావాలి. ఇక అభ్యర్థి ఏ నియోజకవర్గంలో ఓటరో ఎన్నికల అఫిడవిట్‌లో ఇప్పటికే చెబుతున్నాడు. ఎప్పటి నుంచి ఓటరో, అంతకుముందు ఎక్కడ ఓటరుగా ఉన్నాడో కూడా అందులో చేర్చితే చాలు. ఆపై అతడు మనవాడా కాదా అన్నది ఓటరే తేలుస్తాడు. అయితే ఆ తీర్పు చెప్పడానికి ముందు ఓటరు పేరు జాబితాలో ఉండాలి.