ఆరోగ్య శీర్షిక: నిద్రమాత్ర కాని నిద్రమాత్ర

ఇండియా నుంచి తల్లిదండ్రులు దిగిన వారంలో మన సభ్యులు నన్ను తరచు అడిగే ప్రశ్న: "డాక్టరు గారూ, నాన్నగారు రాత్రి రెండింటికే లేచి కూర్చుంటున్నారు, మెలటోనిన్ ఇవ్వచ్చా?" అందుకే ఈసారి దాని సంగతి.

మెదడు మధ్యలో బియ్యపు గింజంత పీనియల్ గ్రంథి ఉంది. చీకటి పడితే అందులో మెలటోనిన్ ఊరుతుంది, కంట్లో వెలుతురు పడితే ఆగిపోతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం దీన్ని ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసింది. రాత్రంతా తిరిగే ఎలుకల్లో కూడా ఇది రాత్రే ఊరుతుంది. కనుక దీన్ని నిద్ర హార్మోను అనేకంటే చీకటి హార్మోను అనడం సబబు.

హార్మోను తాళంచెవి అయితే రిసెప్టర్ తాళం. మనలో ఇవి ముఖ్యంగా రెండు. మెదడులోని గడియారంలో ఎం.టి.1 నరకణాల సందడి తగ్గిస్తుంది, ఎం.టి.2 ముల్లును ముందుకో వెనక్కో జరుపుతుంది. ముల్లు జరిగేది సుమారు రోజుకొక గంటే. వేసవిలో న్యూయార్కులో రాత్రి 2 అంటే హైదరాబాదులో పగలు 11:30. మరి నాన్నగారు లేచి కూర్చోరూ! మాత్ర వేళతప్పి వేస్తే ముల్లు ఎదురు దిక్కుకు జరుగుతుంది. అందుచేత పడుకోబోయే ముందు కొద్ది మోతాదు, కొద్ది రోజులే. అంతకంటే పగటి వెలుతురులో నడక మేలు. రక్తం పలచబడే వార్ఫరిన్ వంటి మందులు వాడే పెద్దలకు వాళ్ళ డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి.

ఎం.టి.2 ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద కూడా ఉంది. దాని జన్యువులో ఒక మార్పుకీ మధుమేహానికీ సంబంధం ఉందని 2009లో తేలింది. ఈ మార్పు ఉన్నవారికి మెలటోనిన్ పెరిగిన వేళ భోంచేస్తే రక్తంలో చక్కెర మరింత పెరుగుతుంది. మన పార్టీల్లో రాత్రి పదింటికి వడ్డించే బిర్యానీ గురించి వేరే చెప్పాలా?

ఇక పిల్లల మాట. అమెరికాలో ఇది మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముడవుతుంది. 2023లో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబులు చెప్పిన మోతాదు లేదు. పిల్లలు మెలటోనిన్ మింగారని విషచికిత్సా కేంద్రాలకు అందిన కేసులు 2012లో 8,337; 2021లో 52,563. మిఠాయిలా కనిపించే ఆ సీసాను అందకుండా పైఅరలో పెట్టండి.